తెల్లసూటాయన నా తరఫున బతిమాలిన పాట

ఇప్పుడు ఊళ్లో ఉన్న మనిషి మొహం చూడాలంటే ఫోను మీద వేలు పెడితే చాలు, అవతలివాళ్లు పళ్లు తోముకుంటున్నా సరే, నురగతో సహా కనబడి తీరతారు. మా కాలం ఇంత సుఖపడలేదు. జెద్దాలో మా లేబర్ క్యాంపు నుంచి జగిత్యాల పక్కన మా ఊరికి ఒక మాట చేరాలంటే ఆ మాట ముందు క్యాసెట్లో కూర్చోవాలి. తర్వాత సెలవు మీద పోయేవాడి సూట్‌కేసులో ఖర్జూరాలకూ దుప్పట్లకూ నడుమ నలగాలి, విమానమెక్కాలి, బస్సెక్కాలి, ఆఖరున ఎవరి సైకిల్ మీదో ఇల్లు చేరాలి. అందుకే మా మాటలకు ఎప్పుడూ కొంచెం సెంటు వాసన ఉండేది. రాయడం రానివాళ్లూ, వచ్చినా ఇంట్లో చదివిపెట్టే మనిషి లేనివాళ్లూ అందరం శుక్రవారం శుక్రవారం కూర్చుని "క్యాసెట్ నింపేవాళ్లం", గ్యాసు సిలిండర్ నింపినట్టు.

ఇదంతా మొన్న ఒక మాల్‌లో గుర్తొచ్చింది. మా ఆవిడ విజిట్ వీసా మీద వచ్చింది. జెద్దా ఎండలో భార్యాభర్తలు ప్రాణాలతో షికారు చేయగలిగిన తోట మాల్ ఒక్కటే కనుక అక్కడికి తీసుకెళ్లాను. పాటల దుకాణం అద్దంలో ఒక మనిషి నన్ను చూసి ఆగమన్నాడు. తెల్లసూటు, నుదుటి మీద గోదావరి వరదంత చెమట, మైకును దొంగ మెడ పట్టినట్టు పట్టిన చెయ్యి. నేను ఆగాను. అది నేను కుర్రాడిగా ఉన్నప్పుడు విన్న అమెరికా పాటల ఆల్బం అట్ట మీది బొమ్మ, ఆ ఆల్బమే ఇప్పుడు మిఠాయిల డబ్బా అంత లావైంది. కౌంటర్లో ఉన్న మలయాళీ ఆయన హిందీలో వివరించాడు: "పాత ఆల్బమే భాయ్. అప్పట్లో తీసి పక్కన పెట్టిన పాటలు, స్టూడియోలో జరిగిన తప్పులు, మాటలు, దగ్గులు అన్నీ కలిపి పెంచి వేశారు." నేను వెంటనే, "అయితే నా గొంతు కూడా ఉందా?" అన్నాను. ఆయన నా వైపూ మా ఆవిడ వైపూ చూసి, ఇంటికి తీసుకెళ్లి పడుకోబెట్టండమ్మా అన్నట్టు మొహం పెట్టాడు. కానీ నిజం చెబుతున్నాను, ఆ ఆల్బంను మొట్టమొదట పెంచి వేసింది అమెరికావాళ్లు కాదు, నేను. జెద్దాలో, ఒక శుక్రవారం మధ్యాహ్నం, ఏసీ పైపులకు చుట్టే అల్యూమినియం టేపు ముక్క సాయంతో.

అప్పటికి నేను ఒక విల్లాల కాంపౌండులో ఏసీ మెకానిక్‌ని. (మెకానిక్ అని ఊళ్లో చెప్పుకునేవాణ్ణి. అసలు మెకానిక్ నిచ్చెన మీద ఉంటే, నిచ్చెన పట్టుకునేది నేను.) అక్కడ ఒక విల్లాలో నల్లజాతి అమెరికా ఇంజినీరు ఉండేవాడు, మంచినీటి పైపుల పనిలో. మేం ఆయన్ని పైపుల సారు అనేవాళ్లం. ఆయన ఏసీ ఒంటెల మంద గురక పెట్టినట్టు మోగేది. ఆ గురకను మింగేసేలా ఆయన టేప్ రికార్డర్‌లో ఈ తెల్లసూటాయన పాడేవాడు. సోల్ సంగీతం అంటారట. చర్చిలో దేవుణ్ణి బతిమాలిన గొంతుతోనే బయటికొచ్చి ప్రేమించిన పిల్లను బతిమాలడం. అందులో రెండో పాట మధ్యలో ఆయన ఒక్క కేక పెడతాడు, ఏడుపూ కాదు, పాటా కాదు. వెనక ఆడవాళ్లు "ఓ…" అంటూ ఓదారుస్తారు. ఇంగ్లీషు ముక్క అర్థం కాకపోయినా ఆ కేక దగ్గర నేను నిచ్చెన వదిలేసేవాణ్ణి. పైనున్న అసలు మెకానిక్ నన్ను తిట్టిన తిట్లు కూడా ఆ తాళానికి సరిగ్గా సరిపోయేవి. పైపుల సారు ఫైనల్ ఎగ్జిట్ మీద, అంటే ఇక తిరిగి రాకుండా, వెళ్లిపోతూ ఆ క్యాసెట్ నా చేతిలో పెట్టాడు. నేను దాన్ని దిండు కింద పెట్టుకుని పడుకునేవాణ్ణి. పక్క మంచాలవాళ్లు అది బంగారు బిస్కెట్ అనుకున్నారు.

సరిగ్గా అప్పుడే ఊరి నుంచి కబురొచ్చింది. మా మేనమామ కూతుర్ని నాకిస్తారని చిన్నప్పటి నుంచీ అందరూ అనుకునేదే. అనుకోవడమే గాని ఎవరూ అడగలేదు, నేను అసలే అడగలేదు. ఇప్పుడు ఆమెకు వేరే సంబంధం వచ్చింది. మామ అన్నాడట: "పోరడు తన నోటితోని చెప్పాలె. ఆళ్లమ్మ చెప్తే నేనినను. వాని క్యాసెట్ రాకపోతే వచ్చినోళ్లకు మాట ఇచ్చేస్త." ఆ కబురు నాకు చేరేసరికి గురువారం అర్ధరాత్రయింది. మా గదిలో సూట్‌కేసు అన్న (సెలవు మీద పోయే ప్రతిసారీ సూట్‌కేసు మీద ఇద్దర్ని కూర్చోబెడితే గాని మూత పడదు కనుక ఆ పేరు) శుక్రవారం సాయంత్రం విమానానికి పోతున్నాడు. శుక్రవారం మధ్యాహ్నం నమాజు దాటి సాయంత్రపు అసర్ నమాజు అయ్యేదాకా కొట్లు తెరవరు. ఖాళీ క్యాసెట్ క్యాంపు మొత్తంలో లేదు. ఉన్న ఒకే క్యాసెట్ నా దిండు కింద ఉంది.

కొనుక్కున్న పాటల క్యాసెట్ మీద మాట ఎక్కదని, వీపున రెండు బొక్కలుంటాయని, వాటిని మూస్తే ఎక్కుతుందని మాకందరికీ తెలుసు. మిగతావాళ్లు కాగితం కుక్కేవాళ్లు. నేను వృత్తి గౌరవం కోసం ఏసీ టేపు అంటించాను, వందేళ్లు గ్యాసు లీకు కాకుండా. టేప్ రికార్డర్ టేపు తాతది. నిజామాబాద్ వైపు పెద్దమనిషి, దాన్ని కన్నబిడ్డలా తుడుచుకునేవాడు. ఎవరు క్యాసెట్ నింపినా దర్శకత్వం ఆయనదే.

"కూసో. దూరం కూసోకు. మీది మీదికి రాకు. దగ్గకు, దగ్గు గూడ ఊరికి పోతది. పాట మీద మాట ఎక్కియ్యాల్నంటే పాపం అనిపిస్తలేదారా?"

"అనిపిస్తుంది తాతా. గని పిల్ల పోతది గదా."

"గంతే. పిల్ల ముంగట పాటెంత? నొక్కుతున్న, మాట్లాడు."

మీట నొక్కగానే ప్రపంచంలోని నిశ్శబ్దమంతా మా గదిలోకి వచ్చి నా మీద కూర్చుంది. "మామా, నమస్తే. నేను మంచిగున్న. ఈడ ఏం తక్లీఫ్ లేదు. ఎండ మస్తు కొడుతుంది. అత్త మంచిగున్నదా? బర్రె ఈనిందా?" ఇలా మా మామ ఇంట్లోని మనుషులనూ, పశువులనూ, కోళ్లనూ, పక్కింటి కోళ్లనూ పేరుపేరునా పలకరించాను. అసలు మాట మాత్రం గొంతు దగ్గర బిగుసుకుపోయింది. టేపు తాత కళ్లతో ఉరుముతున్నాడు. ఆఖరికి, "ఇగ నా మనసుల మాట ఏందంటే మామా…" అన్నాను. ఆగాను. గుటక వేశాను. బయట కారు హారన్ మోగింది. సూట్‌కేసు అన్న తలుపు దగ్గర నుంచి, "ఇయ్యిరా బయ్, విమానం నీ మనసుల మాట కోసం ఆగుతదా!" అని అరిచి, టేపు తాత ఆపు నొక్కీ నొక్కకముందే క్యాసెట్ పీక్కుని పోయాడు.

కారు మలుపు తిరిగాక నా బుర్రలో దీపం వెలిగింది. ఒకటి, నేను అసలు మాట చెప్పలేదు. రెండు, నా మాట ఆగిన చోట నుంచి ఆ క్యాసెట్ ఖాళీ కాదు. తెల్లసూటాయన ఉన్నాడు. అదీ రెండో పాట మధ్యలో. "మనసుల మాట ఏందంటే మామా" అన్న మరుక్షణం ఆయన కేక పెడతాడు. టేపు తాత నా భుజం మీద చెయ్యి వేసి, "పోనీలేరా, వేరే సంబంధాలు రావా?" అన్నాడు. ఓదార్పు అంటే అలా ఉండాలి. సౌదీలో మందు దొరకదని మామకు ఎవరు చెప్తారు? తాగి అరుస్తున్నాడనుకుంటే? ఊరికి ఫోన్ చేద్దామని టెలిఫోన్ బూత్ దాకా పోయి, రింగ్ కాకముందే పెట్టేసి వచ్చాను. ఒకసారి కాదు, ఆ బూత్ నడిపేవాడు నన్ను ఫోన్ల మీద దుమ్ము దులిపే మనిషి అనుకునేన్నిసార్లు. సూట్‌కేసు అన్న తిరిగొచ్చేదాకా నేను తిన్న ఖబూస్ రొట్టెలకు రుచి లేదు. (ముందు కూడా లేదు, కాని అప్పుడు గమనించాను.)

తిరిగొచ్చినవాడు సూట్‌కేసు కింద పెట్టకుండానే నవ్వడం మొదలుపెట్టాడు. జరిగింది ఇదట. మామ ఇంట్లో అరుగు నిండా జనం, మధ్యలో టేప్ రికార్డర్. కోళ్ల క్షేమ సమాచారాలు అయ్యాయి. "మనసుల మాట ఏందంటే మామా…" అనేది వచ్చింది. అందరూ ముందుకు వంగారు. అప్పుడు ఆ కేక వచ్చింది. మా అమ్మమ్మ గుండె పట్టుకుని, "అయ్యో, పోరడు ఏడుస్తుండురో!" అంది. మస్కట్‌లో చేసొచ్చిన మా చిన్నాయన చెయ్యెత్తి అందర్నీ ఆపి తీర్పు చెప్పాడట: "గిది అరబ్బీ గాదు. ఇంగ్లీషు. మనోడు ఇంగ్లీషుల బతిమాలుతుండు. తెలుగుల సిగ్గయితది గదా." వెనక ఆడవాళ్ల "ఓ…" వినబడగానే అమ్మమ్మ, "ఆడున్న ఆడోళ్లు గూడ ఓదారుస్తున్నరు, పాపం" అని కొంగుతో కళ్లు తుడుచుకుందట. మామ లేచి లోపలికి పోయి వచ్చాడట. తర్వాత, "గింత గనం అడిగినోనికి లేదంటే పాపం తగుల్తది" అని వేరే సంబంధంవాళ్లకు వద్దని కబురు పంపాడట.

అలా నాకు పెళ్లయింది. పెళ్లిలో నన్ను సోఫాలో కూర్చోబెట్టి, "అల్లుడా, ఆ ఇంగ్లీషు ఏడుపు ఒక్కసారి ఏడువు" అని బంధువులందరూ వరుసకట్టి అడిగారు. గొంతు పట్టేసిందని చెప్పాను. ఇప్పటికీ ఊరికి పోతే పట్టేసే ఉంటుంది. మా అత్తగారు ప్రతి సెలవులో మిరియాల కషాయం కాచి పెడుతుంది. ఆ క్యాసెట్ అరిగి అరిగి, ఒక వానాకాలం బూజు పట్టి పోయింది. అసలు సంగతి మాత్రం మా ఆవిడకు కూడా చెప్పలేదు. చెబితే ఆ కేక పెట్టినవాడికి తన చెయ్యి ఇవ్వాల్సిందని అంటుందేమోనని.

మొన్న ఆ లావు డబ్బా కొనలేదు. (అందులోని పెద్ద రికార్డులు తిప్పే యంత్రం మా ఇంట్లో లేదు. ఫ్యాను ఉంది గాని.) దుకాణం ఆయనే అదంతా ఫోనులో వస్తుందని చెప్పాడు. శుక్రవారం మధ్యాహ్నం భోజనాలయ్యాక, చప్పుడు పెరగడానికి ఫోనును స్టీలు గిన్నెలో నిలబెట్టి వేశాను. రెండో పాట వచ్చింది. కేక వచ్చింది. మా ఆవిడ బెండకాయలు తరుగుతూ తల కూడా ఎత్తలేదు.

"మంచిగ పాడుతుండు. ఆనాడే అనుకున్న, ఈయన ఎవరో గని మస్తు బతిమాలుతుండు అని."

నా గుండె గిన్నెలో పడింది. "అంటే… నీకు తెలుసా?"

"నీ గొంతు నాకు తెల్వదా బావా? చిన్నప్పుడు చింతచెట్టు మీదికెల్లి పడ్డప్పుడు ఏడిస్తే మేక అరిసినట్టుండె. బాపు నన్ను లోపలికి పిలిచి, 'బిడ్డా, గిది బావ గొంతేనా?' అని అడిగిండు. 'అవు బాపూ, బావనే' అన్న."

"మీ బాపుకు అబద్ధం చెప్పినవా!"

"నువ్వు మాట పూర్తి చేసి ఉంటే నిజమే చెప్తుంటి."

నేను ఇన్నేళ్లూ తాగిన మిరియాల కషాయమంతా ఒక్కసారి గొంతులోకి వచ్చింది. ఇంతలో గిన్నెలో, ఆల్బంకు కొత్తగా కలిపిన భాగం మొదలైంది. అదే పాట, కాని ఆయన మొదలుపెట్టలేకపోతున్నాడు. వాయిద్యం వస్తుంది, ఆయన "ఆఁ…" అంటాడు, ఆగిపోతాడు. దగ్గుతాడు. అవతల ఎవరో ఏదో అంటారు, అచ్చం టేపు తాత అన్నట్టే. ఆయన నవ్వి మళ్లీ మొదలుపెడతాడు, మళ్లీ ఆగిపోతాడు. అంతటి మనిషి, తెల్లసూటులో! నేను బర్రె ఈనిందా అని అడిగిన చోట ఆయన దగ్గాడు, అంతే తేడా. ఆ నిచ్చెన పట్టుకున్న కుర్రాడి మీద నాకు మొదటిసారి కొంచెం జాలేసింది, కొంచెం గౌరవం కూడా కలిగింది.

"గీయనకు గూడ మాట రాలేదా బావా?" అంది మా ఆవిడ కత్తిపీట పక్కకు నెట్టి. "మరి ఇప్పుడన్న చెప్పు. మనసుల మాట ఏందో. కారు గూడ లేదు, విమానం గూడ లేదు."

నేను సర్దుకుని కూర్చున్నాను. దగ్గకుండా, దూరం కాకుండా, మీదికి పోకుండా. "నా మనసుల మాట ఏందంటే…" అన్నాను. ఆగాను. గుటక వేశాను. తల నెరిసింది, బట్టతల వచ్చింది, నిచ్చెన పట్టుకోవడానికి నా కింద మనుషులున్నారు. ఆ మాట మాత్రం అప్పుడు ఎక్కడ బిగుసుకుందో అక్కడే ఉంది. చేసేది లేక గిన్నెలోకి చెయ్యి పెట్టి, పాటను వెనక్కి జరిపి, సరిగ్గా ఆ కేక దగ్గర నొక్కాను.

మా ఆవిడ కళ్లు మూసుకుని విన్నది. వెనక ఆడవాళ్లు "ఓ…" అనేదాకా ఆగి, "అవు, బావనే" అంది.