తొమ్మిది వంటకాల ధర

నిజామాబాద్ నుంచి బోధన్ వెళ్లే బస్సులో పసుపు రైతు గంగవ్వ నా పక్కన కూర్చుంది. హైదరాబాద్‌లో ఓ పెద్ద హోటల్లో ఆరు వేలు పెట్టి తిన్న తొమ్మిది వంటకాలను వరుసగా చెప్పి, అంత ఖర్చుతో అమ్మను కూడా తీసుకెళ్లాలా అని అడిగాను. తిడుతుందనుకున్నాను.

"వండుడు ఎన్ని దినాలు పట్టిందట?"

"ఒక్క పులుసుకే మూడు రోజులట, అవ్వా."

"మేం తొమ్మిది నెలలు పండిచ్చి, ఉడకవెట్టి, ఎండవెట్టి తెస్తం. కొనేటోడు ఒక్క పసుపు కొమ్ము ఇరిసి సూసి పిరం, ధర ఎక్కువంటడు. నువ్వు గూడ గట్లనే జేస్తవా? తోల్కపో బిడ్డా."

వెంటనే ఇద్దరికి టేబుల్ బుక్ చేశాను. ఫోన్లో పళ్లెం ఫొటో చూసి ఆమె నవ్వింది.

"గింతేనా? అమ్మకు ఇంట్ల ఇంత బువ్వ వెట్టి తోల్కపో."

అలాగే చేశాను. ఆకలి లేని అమ్మ ప్రతి వంటకాన్నీ నింపాదిగా రుచి చూసింది. ఆ ధర సబబే.