సన్నాయి లేని పాట

మా మేనమామ సన్నాయి వాయించేవాడు. పొదిలి చుట్టుపక్కల గుళ్ళో కల్యాణమైనా, దర్గా దగ్గర ఉరుసైనా ఆయన రావాల్సిందే. మా అమ్మ పుట్టింటి దూదేకులవాళ్ళకి తరతరాలుగా అదే వృత్తి. వినయం మాత్రం మామయ్యకి వారసత్వంగా రాలేదు. సిల్కు లాల్చీ, జరీ పంచె, చెవిలో అత్తరు దూది. పెళ్ళికొడుకు కంటే తనే బాగున్నానని పెళ్ళిపందిట్లోనే అనగలడు.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో నేను గుంటూరులో డిగ్రీ చదువుతూ ఒక బ్యాండులో పాడేదాన్ని. గిటారు వాయించే కుర్రాడు మా లీడరు. డ్రమ్స్‌కి ఒకడు, డప్పుకి ఒకడు. పొలంలో ఆడవాళ్ళు పాడుకునే బాణీలు పట్టుకుని వాటికి గిటారు కలిపేవాళ్ళం. ఆల్బం చేద్దామనుకున్నప్పుడు సన్నాయి కావాలని పట్టుబట్టింది నేనే. మామయ్యని తీసుకొచ్చిందీ నేనే.

స్టూడియో అంటే మిర్చి యార్డుకి పోయే దారిలో ఒక మేడ మీది గది. రోడ్డు మీది చప్పుడు వినపడకుండా గోడలకి పరుపులు వేలాడదీశారు. ఫ్యాను చప్పుడు మైకులో పడుతుందని ఆపేశారు. కిటికీ తెరిస్తే మిరప ఘాటుకి నాకు దగ్గు. ఆ ఉక్కలో మామయ్య లాల్చీ విప్పేసి బనీనుతో కూర్చున్నాడు. సన్నాయికీ గిటారుకీ శృతి కలవక ఒక పూటంతా పోయింది.

"మీ తీగలే నా దగ్గరికి రావాల అబ్బాయ్, నేను మీ దగ్గరికి రాను," అన్నాడు మామయ్య. లీడరు విసుక్కుంటూ తీగలు దించాడు.

కళ్ళంలో మిరపకాయలు ఆరబోసే ఆడవాళ్ళ మీద నేను కట్టిన పాట అది. చరణం అవగానే సన్నాయి నా గొంతు అందుకునేది. వింటూ వింటూ నేను తర్వాతి చరణం ఎత్తుకోవడం మర్చిపోయాను. మళ్ళీ మొదటినుంచీ పాడాల్సి వచ్చింది. మామయ్య తిట్టాడు గానీ, ఆ తిట్టులో గర్వమే ఎక్కువ.

క్యాసెట్టు అట్ట మీది ఫోటో వాడరేవులో తీశారు. పడవకి ఆనుకుని మేం నలుగురం, మధ్యలో సన్నాయి ఎత్తి పట్టుకుని మామయ్య. ఇక ఆ రోజు నుంచీ పొదిలి బస్టాండులో టీ కొట్టతనికీ, అద్దంకి బస్సు కండక్టరుకీ కూడా ఆయన క్యాసెట్టు వస్తోందని తెలిసిపోయింది.

విడుదల దగ్గరపడ్డాక లీడరు మమ్మల్ని పిలిచి పూర్తయిన క్యాసెట్టు వినిపించాడు. నా పాట వచ్చింది. చరణం అయింది. సన్నాయి వినపడాల్సిన చోట గిటారు మోగింది.

"సన్నాయేదిరా?" అన్నాను.

"కంపెనీవాళ్ళు తీసేయమన్నారు. పెళ్ళి మేళంలాగా ఉందంట, కాలేజీ పిల్లలు కొనరంట."

"ఆయన్ని అడగొద్దా? పోనీ నన్నన్నా అడగొద్దా?"

"అడిగితే ఒప్పుకుంటావా? కాపీలు కూడా కొట్టేశారు."

గొంతు పోయేలా అరిచాను. నా పాట కూడా తీసేయమన్నాను. తీయడం ఇక కుదరదన్నాడు. మేం అలా పోట్లాడుకుంటుండగా వెనక పాట సాగుతూనే ఉంది. నా గొంతు ఒక్కటే, తేటగా, గదంతా నిండి వినపడుతోంది. అది నాకు నచ్చింది. అంత కోపంలోనూ నచ్చింది. మళ్ళీ మొదటినుంచీ వేయమందామని నోటిదాకా వచ్చింది. సిగ్గేసి బయటికి వచ్చేశాను.

మర్నాడే పొదిలి వెళ్ళాను. మామయ్య కొత్త లాల్చీ ఇస్త్రీ చేయించుకొచ్చి వంకెకి తగిలిస్తున్నాడు.

"మామయ్యా, నీ సన్నాయి తీసేశారు. ఎక్కడా లేదు. ఫోటోలోనే ఉన్నావు."

ఆయన లాల్చీ మడత సరిచేశాడు. "నీ పాట ఉందా?"

"ఉంది."

లాల్చీని వంకెకి తగిలించాడు. తర్వాత, "ఫంక్షను పొద్దునా, సాయంత్రమా?" అని అడిగాడు.

"నువ్వు రావద్దులే మామయ్యా."

"ఊరందరికీ చెప్పుకున్నా. రాకపోతే ఎట్టా?"

అద్దంకిలో ఒక కల్యాణమండపంలో విడుదల. మామయ్య డోలు వాయించే తన స్నేహితుణ్ణి వెంటబెట్టుకుని వచ్చి ముందు వరసలో కూర్చున్నాడు. పెద్దలెవరో క్యాసెట్టు ఎత్తి చూపించారు, అందరూ చప్పట్లు కొట్టారు. స్పీకర్లలో నా పాట వేశారు. మామయ్య తొడ మీద తాళం వేస్తున్నాడు. చరణం దాటింది.

డోలాయన వంగి అడిగాడు: "ఏదిరా నీ సన్నాయి?"

"లోపల కలిసిపోయిందిరా. జాగర్తగా వింటే వినపడుద్ది."

డోలాయన కళ్ళు మూసుకుని, తల పక్కకి వాల్చి విన్నాడు. కాసేపటికి, "ఆఁ, ఉందుంది," అన్నాడు.

వేదిక మీద నన్ను పాడమన్నారు. మైకు తీసుకుని మామయ్యని రమ్మని పిలిచాను. సన్నాయి తేలేదని కూర్చున్నచోటి నుంచే చేతులు ఊపాడు. సన్నాయి లేకుండా ఆయన గడప దాటడం నేనెప్పుడూ చూడలేదు. ఒక్కదాన్నే పాడాను. అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది ఆయనే.

పాట బస్సుల్లో బాగానే మోగింది. విన్నప్పుడల్లా మామయ్య గుర్తొచ్చేవాడు, అయినా చివరిదాకా వినేదాన్ని. చాలా నెలలు ఆయనకి ఎదురుపడకుండా తప్పించుకున్నాను. చివరికి ఉండబట్టలేక వెళ్ళి చెప్పేశాను.

"మామయ్యా, నువ్వు లేకుండా ఆ పాట నాకు నచ్చింది. అదే పోవట్లేదు నా మనసులోంచి."

ఆయన తమలపాకు నములుతూ వీధిలోకి చూశాడు.

"బాగానే ఉందిగా పాట. నాక్కూడా నచ్చింది. బాగాలేకపోతే వాళ్ళని నాలుగు తిట్టి ఊరుకునేవాణ్ణి." లేచి ఉమ్మి వచ్చి, "అన్నం తిని పో," అన్నాడు.

చెప్పేస్తే బరువు దిగుతుందనుకున్నాను. అన్నం తిని బస్సెక్కాక కూడా దిగలేదు.

రెండో ఆల్బం అనుకున్నప్పుడు, ఈసారి సన్నాయి ఉంటేనే పాడతానన్నాను. లీడరు ఒప్పుకున్నాడు, తనే నాతో పొదిలి వచ్చాడు. మామయ్య టీ ఇప్పించి, పల్లెత్తు మాట అనకుండా, పెళ్ళిళ్ళ సీజనని చెప్పి పంపించేశాడు. తిరుగు దారిలో లీడరు నా వైపు చూశాడు. నేను బస్సు కిటికీలోంచి పత్తి చేలు చూస్తూ కూర్చున్నాను.

ఆ ఆల్బంలో కూడా పాడాను.