కాంక్రీటు హిప్పోల ఊరు

ఇంగోల్‌స్టాట్ నుంచి మ్యూనిక్ వెళ్లే ట్రైన్‌లో తెలుగు ఎవరికి అర్థమవుతుందిలే అని, ఆ రోజు ఫోన్‌లో మా ఆవిడ మీద గట్టిగానే విసుక్కున్నాను. జర్మనీలో చాలా అద్దె ఇళ్లలో వంటగది ఖాళీగా ఉంటుంది. గట్టూ అరలూ మనమే కొని పెట్టించుకోవాలి. మేం వచ్చినప్పటి నుంచీ ఒక చిన్న కరెంటు పొయ్యి మీదే నెట్టుకొస్తున్నాం.

"ఫ్యాక్టరీల మా ప్రాజెక్ట్ క్లోజ్ చేస్తరంటున్నరు. జాబ్ పోతే కిచెన్ ఏం జేస్కుంటం?" అని ఫోన్ పెట్టేశాను.

ఎదుటి సీట్లోని పెద్దావిడ ఇంగ్లిష్‌లో, "క్షమించాలి. ఫ్యాక్టరీ, ప్రాజెక్ట్, జాబ్, కిచెన్... మిగతాది నేనే ఊహించుకున్నాను," అంది. నాకు సిగ్గేసింది.

ఆవిడది స్కాట్లాండ్‌లో గ్లెన్‌రోథెస్ అట. బొగ్గు గని కోసం ప్రభుత్వం కొత్తగా కట్టించిన ఊరు. వాళ్ల నాన్న ఆ గనిలో పనికే వచ్చాడు.

"తీరా గనిలోకి నీళ్లొచ్చాయి. కొన్నేళ్లకే మూసేశారు."

"మరి మీరంతా వెళ్లిపోయారా?"

ఆవిడ ఫోన్‌లో ఒక ఫోటో చూపించింది. గడ్డిలో కాంక్రీటు హిప్పోల గుంపు. పిల్లలు ఎక్కీ దిగీ వాటి వీపులు నున్నబడ్డాయి.

"లేదు, ఉండిపోయాం. గని పోయాక మా ఊరు జీతమిచ్చి శిల్పిని పెట్టుకుంది. ఇవి అప్పటివే," అని తరువాతి స్టేషన్‌లో దిగిపోయింది. నేను పేరైనా అడగలేదు.

మ్యూనిక్ రాకముందే ఇంటికి ఫోన్ చేశాను.

"కిచెన్ షాపుల అపాయింట్‌మెంట్ దొరుకుతదేమో చూడు."

"జాబ్ ఉంటదన్నరా?"

"ఎవ్వరేం అనలే," అన్నాను, ఈసారి మెల్లగా.