పిలుపు తెచ్చే బాలనర్సింహ

శాలిబండకు ఆవల, ఒకనాటి నవాబుగారి భవంతి అయిన దేవిడీలో నడుస్తున్న మా కళాశాలలో శ్రీ బాలనర్సింహ ముప్పై ఒక్క సంవత్సరాలుగా అటెండరు. జల్‌పల్లి నుంచి ఉదయపు మొదటి బస్సులో వస్తారు. ఆయన చేసే పనులలో ఒకటి ఏ ఉత్తర్వులోనూ లేదు. విద్యార్థి ఇంట ఎవరైనా మరణిస్తే, తరగతిలో సెల్‌ఫోన్లు నిషిద్ధం గనుక, కబురు కార్యాలయానికి వస్తుంది. ఆ బిడ్డను పిలుచుకొని రావడానికి ఆయననే పంపుతాము. ఆయన సంగతి చెప్పరు. "ఆఫీసుల పిలుస్తున్నరు, బేటా" అంటారు, అంతే.

అందువల్ల పరీక్ష రుసుము సర్క్యులరు తెచ్చినా, ఆయన నీడ గుమ్మంలో పడగానే తరగతి అంతా ఊపిరి బిగబట్టేది.

"కాకా, నా కోసమైతే కాదు గదా?" అని వెనుక బెంచీ నుంచి ఎవరో అనేవారు. ఆయన నవ్వేవారు కారు.

పదవీ విరమణకు నాలుగు నెలలు ఉందనగా, కార్యాలయంలో ఉత్తరాల శుద్ధప్రతులు వ్రాసే నాతో, "సార్, పోయేలోపల ఒక్కపారన్న పిల్లలు నన్ను జూసి భయపడకుంట ఉంటే సాలు" అన్నారు.

ఈ ఏడు వార్షికోత్సవానికి స్రవ్య అనే విద్యార్థిని, మధ్యయుగపు ఐరోపా నీతినాటకం ఒకదానిని పత్థర్‌గట్టి ముత్యాల వర్తకుని కథగా మార్చి వ్రాసింది. మృత్యుదూత వచ్చి వర్తకుణ్ణి పిలుస్తాడు. స్నేహితుడు, చుట్టం, సంపద వెంట రామంటారు. చివరకు 'మంచి' అనే పాత్ర ఒక్కటే తోడు వెళుతుంది. వర్తకుడి వేషం ఆమె తరగతివాడైన నిఖిలేష్‌ది, 'మంచి' వేషం స్రవ్యదే. దూత వేషానికి ఆమె బాలనర్సింహను అడిగింది.

"ఏంది బిడ్డా, నాటకంల గూడ నాకు గదే పనా?" ఆయన ముఖం వాడిపోయింది.

"మీకైతే రిహార్సలే అక్కర్లే కాకా. మస్తుంటది," అన్నాడు నిఖిలేష్.

"నువ్వు సప్పుడు జేయకు," అని స్రవ్య అతనిని కసిరింది. "కాకా, మీరు ఒప్పుకోకుంటే ఈ నాటకమే ఒద్దు."

ఆయన కాదనలేకపోయారు.

సాయంత్రం ఆరు గంటలకు దేవిడీ లోపలి వాకిట ప్రదర్శన. రంగుటద్దాల కిటికీల నుంచి జారిన ఎరుపు, ఆకుపచ్చ వెలుగులు నేలమీద నీళ్ళవలె కదులుతున్నాయి. పావురాలు సద్దుమణిగాయి. తెల్లని దుస్తులలో బాలనర్సింహ స్తంభాల నడుమ నుంచి, నిద్రలో నడిచే మనిషివలె వచ్చారు. నవ్వులు ఆగిపోయాయి.

"పిలుస్తున్నరు, బేటా."

వర్తకుడు ముగ్గురినీ బతిమాలాడు, ముగ్గురూ తప్పుకున్నారు. వ్రాతప్రతి ప్రకారం దూత అక్కడ నిష్క్రమించాలి. ఆయన కదలలేదు. ఒంటరిగా నిలబడిన నిఖిలేష్‌ను చాలాసేపు చూశారు. పిదప వంగి, అతని కాళ్ళ దగ్గరి ముత్యాల సంచి తన భుజానికి తగిలించుకొని, చేయి పట్టుకున్నారు.

"నడువు. గేటు దాంక నేనొస్త."

"కాకా, మీరు లోపలికి పోవాలె! నాటకం ఇంక ఉంది," అని నిఖిలేష్ గొణిగాడు.

"ఉండనీ. ఒక్కనివి ఎట్ల పోతవ్?"

ఇద్దరూ వేదిక దిగారు. వ్రాతప్రతితో తెర పక్కన ఉన్న నేను, 'మంచి'గా ప్రవేశించమని స్రవ్యను తొందరపెట్టాను. ఆమె కదలలేదు.

"నేనెందుకు సార్? నా వేషం కాకనే ఏసిండు గదా. మా బాపు పోయిన దినం గూడ గిట్లనే నా బ్యాగు మోసిండు. ఆటోల నా పక్కన కూసొని, బహదూర్‌పురాల మా గల్లీ దాంక వచ్చిండు."

కార్యాలయపు గుమ్మం దాటిన తరువాత ఏమి జరిగేదో ఇన్నేళ్ళలో మేమెవ్వరమూ విచారించలేదు.

స్రవ్య వారి వెనుక నడిచింది. ఆమె వెంట విద్యార్థులలో ఒక వరుస లేచింది, తరువాత మరొకటి. గేటు వద్ద ఆగిన ఆటోను చూసి బాలనర్సింహ అలవాటుగా చేయెత్తారు. వెనుదిరిగి, బెదిరి, "మీరంత ఏడికి?" అన్నారు.

"నీతోనే కాకా!"

ఆటో అతను తల బయటపెట్టి చూశాడు. "గింతమంది పట్టరు భాయ్."