ఆర్డిస్ బక్కెన్ ఫోన్ గొలుసు

నార్బీలో ఆర్డిస్ బక్కెన్ దగ్గర్నుంచి ఫోన్ వచ్చిందంటే ఎవరో పోయారన్నమాటే. ఇరవై ఆరేళ్ళుగా లూథరన్ చర్చిలో చావు భోజనాల బాధ్యత ఆమెదే. ఊళ్ళో ఎవరు కన్నుమూసినా ఆమె ఆరుగురికి ఫోన్ చేస్తుంది. ఆ ఆరుగురూ తలా ఆరుగురికి, వాళ్ళు తలా మరో ఆరుగురికి చేస్తారు. గంట తిరిగేసరికి ఊరంతా ఓవెన్లు వెలుగుతాయి. పోయినవాడి పెళ్ళాం ఇంకా తీరిగ్గా ఏడవనైనా ఏడవకముందే, బంగాళాదుంపలూ మాంసమూ కలిపి కాల్చిన హాట్‌డిష్‌లు చర్చి కింది గదిలో బల్లల మీద బారులు తీరుతాయి.

ఆర్డిస్ అరవై తొమ్మిదో ఏట ఆ గొలుసును వాషింగ్టన్‌లోని సెనేట్ మీదికి తిప్పింది.

అంతకుముందు ముప్ఫై ఏళ్ళు ఆమె బడి వంటగదిలో పనిచేసింది. నార్బీలో ఇరవైకీ నలభైకీ మధ్య ఉన్న ప్రతివాడూ ఆమె గరిటె కింద ప్లేటు పట్టుకున్నవాడే. వరస తప్పి ముందుకు దూరినవాడికి ఆమె వడ్డించేది కాదు. ఒకసారి హెడ్మాస్టర్ కొడుకు దూరితే చెవి పట్టుకుని చివరికి పంపింది. హెడ్మాస్టరే వచ్చి అడిగితే, "మీరూ వరసలోనే రావాలి సార్" అంది. ఆమె రాజకీయ సిద్ధాంతం మొత్తం ఇంతే. ఇంతకంటే పెద్ద సిద్ధాంతంతో మంత్రులైనవాళ్ళను నేను చూడలేదు.

ఆ వేసవిలో సెనేట్‌లోకి వలసల బిల్లు వచ్చింది. కాగితాల్లేకుండా దేశంలో ఉంటున్నవాళ్ళు జరిమానా కట్టి, కొన్నేళ్ళు ఆగితే కాగితాలు ఇస్తామని అందులో ఉంది. ఆర్డిస్ లైబ్రరీలో కూర్చుని, స్కేలు పెట్టుకుని, దాన్ని మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివింది. ఓటెయ్యబోయేవాళ్ళలో సగం మంది ఆ పని చేసుండరని నా అనుమానం. చదివి ఇంటికొచ్చి మొగుడితో, "మధ్యలో దూరినవాణ్ణి వెనక్కి పంపకుండా, ఇక్కడే నిలబడు నాయనా, ప్లేటు తెస్తానన్నట్టుంది" అంది.

మొగుడు ఓర్విల్ ఊరి చివర టర్కీ కోళ్ళ ఫ్యాక్టరీలో ఇరవై రెండేళ్ళు పనిచేశాడు. ఒక శుక్రవారం దాన్ని మూసేశారు. నాలుగు నెలల తర్వాత కొత్త బోర్డు పెట్టి, సగం జీతానికి మెక్సికో నుంచీ గ్వాటెమాలా నుంచీ వచ్చినవాళ్ళతో తెరిచారు. ఓర్విల్ బడి బస్సు నడపడానికి వెళ్ళాడు. వచ్చినవాళ్ళ మీద ఆర్డిస్‌కు కోపం లేదు, పిలిచిన యజమాని మీదే. ఆ సంగతి ఆమే అందరికీ చెప్పేది. కొంచెం ఎక్కువసార్లే చెప్పేది.

వాళ్ళ సెనేటర్ లిండ్‌క్విస్ట్ గోడ మీద పిల్లి. పక్క ఊరి పాల డెయిరీ ఆయన కొడుకే. పద్దెనిమిదేళ్ళ కిందట వాషింగ్టన్ వెళ్ళాడు. ఆర్డిస్ రోజూ పొద్దున్నే ఆయన ఆఫీసుకు ఫోన్ చేసి, బిల్లుకు వ్యతిరేకంగా వేస్తాడా లేదా అని అడిగేది. సెనేటర్ గారు అన్ని వైపులా పరిశీలిస్తున్నారని రోజూ ఒకే జవాబు వచ్చేది.

"అన్ని వైపులా చూసేది గుడ్లగూబమ్మా. దానికి ఎవరూ ఓటెయ్యరు" అని ఫోన్ పెట్టేసేది.

అలాంటి సమయంలో, గురువారం ఓటింగు ఉందనగా, దానికి ముందు వచ్చే శనివారం సెనేటర్ నార్బీ వస్తున్నాడని కబురు తెలిసింది. ఊళ్ళో పెద్ద గది చర్చి కింద గదే కాబట్టి సభ అక్కడే. ఆ శనివారానికి ముందు ఆదివారం ప్రార్థన అయ్యాక అందరూ కాఫీ తాగుతుంటే ఆర్డిస్ ఆ మాట చెప్పింది. ఆడపడుచు లవోన్ నవ్వింది. లవోన్ నోట్లో నువ్వుగింజ నానదు.

"ఆ మనిషి నోట అవుననిగానీ కాదనిగానీ ఇంతవరకూ ఎవరూ వినలేదు వదినా. పెళ్ళిలో పాస్టర్ గారు అడిగినప్పుడు కూడా పరిశీలిస్తానన్నాడేమో."

"శనివారం వింటావులే."

"వినిపించకపోతే?"

"ఈ ఫోన్ గొలుసు నీ చేతికిచ్చేసి ఇంట్లో కూచుంటా."

ఆర్డిస్‌కు పిల్లల్లేరు. బడి వంటగది పోయాక ఆమెకు ఊళ్ళో మిగిలిన పదవి అదొక్కటే. అన్నాక నాలుక కరుచుకుంది గానీ, అన్న మాట వెనక్కి తీసుకునే రకం కాదు.

శుక్రవారం సాయంత్రం గొలుసు కదిలింది. "రేపు పదకొండింటికి, చర్చి కింద గది. సెనేటర్‌ని నిలదీయాలి. అందరూ రావాలి" అని ఆర్డిస్ ఆరుగురికీ స్పష్టంగా చెప్పింది. మొదటి ఆరుగురూ అంతా విన్నారు. తర్వాతి ముప్ఫై ఆరుగురూ సగం విన్నారు. చివరి వరసవాళ్ళకు ఆర్డిస్ పేరు, పదకొండు గంటలు, చర్చి కింద గది అన్న మూడు ముక్కలు చెవిన పడగానే చేతులు వాటంతటవే బంగాళాదుంపలు తొక్క తీయడం మొదలెట్టాయి.

శనివారం పొద్దున అట్టలు కర్రలకు కొట్టి, వాటి మీద నినాదాలు రాసుకుని దిగిన ఆర్డిస్‌కు నలభై ఒక్క హాట్‌డిష్‌లు, తొమ్మిది రకాల జెల్లీలు, పాస్టర్ గారి భార్య చేసిన నిమ్మకాయ కేకు స్వాగతం చెప్పాయి. తొంభై ఒక్కేళ్ళ కార్ల్‌టన్ నెస్ నల్ల సూటు వేసుకుని గుమ్మంలో నిలబడ్డాడు. ఆయనకు చెవుడు. తనకు వినపడదు కాబట్టి ఊరికంతటికీ వినపడేలా మాట్లాడతాడు.

"ఎవరు పోయారమ్మాయ్?"

"ఎవరూ పోలేదు పెద్దాయనా. సెనేటర్ వస్తున్నాడు."

"పాపం. ఏం జబ్బు?"

"వెన్నెముక లేదు."

"ఈ రోజుల్లో డాక్టర్లు అన్నీ పెడుతున్నారుగా" అని ఓదార్చి, ఆయన వెళ్ళి ప్లేటు తీసుకున్నాడు.

పని అక్కడే చెడిందని ఆర్డిస్‌కు అర్థమైంది. నార్బీలో చేతిలో ప్లేటుండగా గొంతు పెంచడం మహాపాపం. నిలదీయడానికి వచ్చిన రెండొందల మందీ ఒళ్ళో ప్లేటు, నోట్లో బంగాళాదుంప పెట్టుకుని, సెనేటర్ లోపలికి రాగానే తలలూపి పలకరించారు. ఆయన ముఖం వెలిగిపోయింది. తన్నులు తినడానికి వచ్చినచోట విందు దొరికితే ఎవరికి చేదు?

ఆర్డిస్ లేచి అడిగింది. "సెనేటర్ గారూ, ఈ బిల్లుకు వ్యతిరేకంగా వేస్తారా?"

"చాలా మంచి ప్రశ్న ఆర్డిస్ గారూ" అని ఆయన నాలుగు నిమిషాలు మాట్లాడాడు. అందులో సరిహద్దు ఉంది, విలువలు ఉన్నాయి, వాళ్ళ నాన్న డెయిరీ ఉంది. జవాబు మాత్రం లేదు. ఆమె మళ్ళీ అడిగింది. ఈసారి ఆరు నిమిషాలు నీళ్ళు నమిలాడు. వెనక వరసలో లవోన్ గొలుసు తన చేతికొచ్చినట్టే కూర్చుంది.

అప్పుడు పాస్టర్ గారి భార్య నిమ్మకాయ కేకు పళ్ళెం ఆయన ముందు పెట్టి, ఒక ముక్క తీసుకోమంది.

"ఓ, తప్పకుండా. ఆ పెద్దది ఇవ్వండి" అన్నాడు సెనేటర్.

గదిలో ఫోర్కుల చప్పుడు ఆగిపోయింది. నార్బీలో ఎవరైనా ఏదైనా పెడితే మొదటిసారి వద్దనాలి. రెండోసారీ వద్దనాలి. మూడోసారి, ఎలాగూ మిగిలిపోతుందంటున్నారు కాబట్టి సగం ముక్క అనాలి. మొదటి రెండూ మర్యాద, మూడోది నిజం. పాలు మరిచిన పసివాడి దగ్గర్నుంచి అందరికీ ఇది తెలుసు.

"ఒకసారి అడిగితేనే తీసుకున్నాడేంటి?" అన్నాడు కార్ల్‌టన్, పక్కవాడి చెవిలో రహస్యంగా చెప్పాననుకుని.

సెనేటర్ చెవులు ఎర్రబడ్డాయి. ముక్క అప్పటికే కొరికేశాడు.

పళ్ళెం వరస వెంట వెళ్ళి, చివర కుర్చీలో ఉన్న ఎల్విరా కాంటూ దగ్గర ఆగింది. ఎల్విరా వృద్ధాశ్రమంలో పనిచేస్తుంది. మొగుడు టర్కీ ఫ్యాక్టరీలో. లవోన్ ఇంటి పక్కనే కాపురం. ఆమెను ఇక్కడ చూసి ఆర్డిస్ లవోన్ వైపు కళ్ళెర్రజేసింది. అందరూ రావాలన్నావుగా అన్నట్టు లవోన్ భుజాలెగరేసింది.

"వద్దండీ, కడుపు నిండిపోయింది" అంది ఎల్విరా. మళ్ళీ అడిగితే, "అయ్యో, నిజంగానే వద్దు" అంది. మూడోసారి, "పారేస్తారంటే సగం ఇవ్వండి, సన్నగా" అంది.

"ఈ పిల్ల ఎవరి తాలూకు? మనూరిదేనా?" అన్నాడు కార్ల్‌టన్.

ఆర్డిస్ నేరుగా ఎల్విరా దగ్గరికి వెళ్ళింది. చాటుమాటు మాటలు ఆమెకు చేతకావు.

"ఇది ఏం సభో తెలిసే వచ్చావా అమ్మా? ఆ బిల్లు పడిపోవాలని నేను పెట్టించిన సభ ఇది."

"తెలుసండీ. చల్లకొచ్చి ముంత దాచడం దేనికి? ఆ బిల్లు మీద మా ఇంట్లో ఒకరి బతుకు ఆధారపడి ఉంది. ఆయన అవునంటాడో కాదంటాడో వినిపోదామని వచ్చాను. రెండు నెలలుగా ఫోన్ చేస్తున్నా."

"ఏమంటున్నారు?"

"అన్ని వైపులా పరిశీలిస్తున్నారట."

ఆర్డిస్ ఆమెను ఒక్కక్షణం చూసింది. "లే అయితే" అంది.

ఇద్దరూ ముందుకొచ్చి నిలబడ్డారు, ఒకరు సెనేటర్‌కు కుడివైపు, ఇంకొకరు ఎడమవైపు.

"రెండుసార్లు అడిగాను. ఇది మూడోది" అంది ఆర్డిస్. "ఈమెకు అవునని వినాలనుంది, నాకు కాదని వినాలనుంది. ఏదో ఒకటి చెప్పి ఆ కేకు పూర్తి చేయండి."

కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. సెనేటర్ రెండొందల ముఖాల వైపు చూశాడు. ఎంత వాషింగ్టన్‌లో ఉన్నా ఆయన్ను పెంచిన తల్లి పక్క ఊరిదే. మూడోసారి అడిగితే ఏం చేయాలో ఇప్పుడు గుర్తొచ్చినట్టుంది.

"వ్యతిరేకంగా వేస్తాను" అన్నాడు.

జనం ప్లేట్లు ఒళ్ళో పెట్టుకుని, ఒలికిపోకుండా చప్పట్లు కొట్టారు. ఎల్విరా తలూపింది. "చెప్పినందుకు థాంక్సండీ" అని, కేకు ముక్కను కాగితం రుమాల్లో చుట్టి సంచిలో పెట్టుకుంది. ఆర్డిస్‌కు సంతోషమేసింది. ఎల్విరా ముఖం చూసి ఆ సంతోషానికి సిగ్గేసింది. తన ఊళ్ళో, తన చర్చిలో, న్యాయంగా గెలిచి సిగ్గుపడాల్సి వచ్చినందుకు కోపమూ వచ్చింది. మూడూ ఒకేసారి మోస్తూ వంటగదిలోకి వెళ్ళి గిన్నెలు తోమడం మొదలుపెట్టింది.

కాసేపటికి ఎల్విరా వచ్చి పక్కన నిలబడి, తోమినవి తుడవసాగింది. అలా పన్నెండు గిన్నెలయ్యాయి.

"నా మనసేం మారలేదు" అంది ఆర్డిస్.

"నాదీ మారలేదండీ."

"నీ నంబరు ఇవ్వు. ఇలాంటిది మళ్ళీ పెడితే లవోన్ చెప్పక్కర్లేదు, నేనే చెప్తా."

గురువారం మధ్యాహ్నం ఆర్డిస్ రేడియో దగ్గర కూర్చుంది. బిల్లు పడిపోయింది, చాలినన్ని ఓట్లు రాలేదు. ఓర్విల్ వచ్చి ఆమె భుజం తట్టి ఫ్రిజ్‌లోంచి కేకు తీశాడు. అంతలో రేడియోలో సెనేటర్ల పేర్లు ఒక్కొక్కటే చదివారు. లిండ్‌క్విస్ట్ పేరు దగ్గర, ఓటింగు సమయానికి ఆయన సభలో లేరని చెప్పారు.

"గెలిచావు కదే. ఆ ముఖం దేనికి?" అన్నాడు ఓర్విల్.

"వాడు ఓటెయ్యలేదు."

"వేసినా వేయకపోయినా బిల్లు పోయిందిగా."

"మూడోసారి అడిగితే చెప్పాడు ఓర్విల్. రెండొందల మంది ముందు, చేతిలో కేకు పట్టుకుని చెప్పాడు."

ఓర్విల్ కేకు మళ్ళీ ఫ్రిజ్‌లో పెట్టేశాడు. ముప్ఫై తొమ్మిదేళ్ళ కాపురంలో నేర్చుకున్న తెలివి అది. ఫోన్ మోగింది. లవోన్.

"విన్నావా వదినా? అయినా మాట వినిపించావు కాబట్టి గొలుసు నీదేలే. నేనేం అడగను."

"నువ్వు ముందు ఫోన్ పెట్టెయ్యి. నేను వేరే చోటికి చేయాలి."

కుర్చీ జరుపుకుని, కళ్ళజోడు పెట్టుకుని, చీటీ మీది అంకెలు ఒక్కొక్కటే నొక్కింది. అవతల ఎల్విరా ఎత్తింది. వెనక టీవీలో స్పానిష్ వార్తలు వినిపిస్తున్నాయి. ఆమె గొంతు ఏడ్చి తేరుకున్నట్టుంది.

"నేను, ఆర్డిస్‌ని. ఎవరూ పోలేదు, కంగారు పడకు. వాడు సభకే రాలేదట, విన్నావా?"

"విన్నానండీ. మీ మాట నెగ్గిందిగా, ఇంకేంటి?"

"నా మాట నెగ్గడం వేరు, వాడు మాట తప్పడం వేరు. నీకూ నాకూ ఇద్దరికీ తప్పాడు. మీ చర్చిలో ఎంతమంది ఉంటారు?"

అవతల టీవీ చప్పుడు తగ్గింది. తర్వాత ఎల్విరా, "ఫోన్ చేసేవాళ్ళయితే అరవై మంది" అంది.

"నా వాళ్ళు రెండొందల యాభై. రేపు తొమ్మిదింటికి వాడి ఆఫీసు తెరుస్తారు. మీరు ఎందుకు అవుననలేదని అడగండి, మేం ఎందుకు కాదనలేదని అడుగుతాం. సాయంత్రం దాకా అక్కడ ఒక్కడికీ కాఫీ తాగే తీరిక దొరక్కూడదు."