సంచిలో ఓ మూల

చిన్న ప్రయాణమైతే ఒక్క వీపుసంచితో వెళ్ళొస్తానని నాకో గర్వం. జంషెడ్‌పూర్‌లో పని ముగించుకుని బయల్దేరుతుంటే, బిర్సానగర్‌లో నేను దిగిన ఇంటి సూరమ్మగారు ఠేకువా అనే అక్కడి తీపి బిళ్ళల డబ్బా తెచ్చారు.

"పలాసలో మా చెల్లికియ్యి బాబూ. బండికాడికొత్తాది."

"సంచిలో చోటు లేదండీ."

ఆవిడ వింతగా చూశారు. "మా బస్తీలో ఊరెల్లేవోలు పక్కింటోల సామానుకని సంచిలో ఓ మూల కాళీగా ఒగ్గుతారు. పర్లేదులే, ఇంకెవులైనా ఎల్తారు."

పలాసలో ఒకావిడ ఆయాసపడుతూ మా బోగీ ఎక్కి, నన్ను వెతికి పట్టుకుంది. "డబ్బా తేలేదనీ, నువ్వీ బోగీలో ఉంటావనీ అక్క ఫోన్లో సెప్పింది. దారిలో ఆకలేత్తాది, తిను బాబూ" అంటూ వేడివేడి పులిహోర పొట్లం చేతిలో పెట్టి దిగిపోయింది.

సంచిలో పట్టక దాన్ని ఒళ్ళో పెట్టుకున్నాను. జంషెడ్‌పూర్ నుంచి అక్కడిదాకా ఆ ఒళ్ళు ఖాళీగానే ఉంది.