అనసూయమ్మ కూర్చున్న సోఫా

మా మేనత్త అనసూయమ్మ మోండా మార్కెట్ వెనక టెంట్ హౌస్ నడిపేది. పెళ్ళిళ్ళకు కుర్చీలు, షామియానాలు అద్దెకిచ్చే కొట్టు. మామయ్య పోయాక "ఆడమనిషి ఏం నడుపుతుంది" అని నవ్వినవాళ్ళున్నారు. వాళ్ళ పిల్లల పెళ్ళిళ్ళకూ ఆవిడే కుర్చీలు వేయించింది.

ఒక్కటే పట్టింపు. గిరాకీవాళ్ళ కోసం వేసిన కుర్చీలో మనం కూర్చోకూడదు. కాళ్ళు పీకేస్తున్నా నిలబడే ఉండేది. మరీ ఓపిక లేకపోతే చుట్టిపెట్టిన తివాచీ మీద నడుం వాల్చేది. ఆ పట్టింపు చూస్తే నాకు ఒళ్ళుమంట. చెబితే వింటేగా!

రెండువేల పదిలో బేగంపేటలోని ఒక కొత్త హాలు నుంచి పిలుపొచ్చింది. ఎదుగుతున్న దేశాలు రేపు లోకాన్ని ఎలా నడపబోతున్నాయో మాట్లాడుకోవడానికి దేశదేశాల వాళ్ళు వస్తున్నారట. ఇది బాగా జరిగితే ఏడాదంతా హాలు పని మీకే అన్నాడు మేనేజరు మధుసూదన్. ఆ మాట కోసం అత్త ఎన్నాళ్ళుగానో ఎదురుచూస్తోంది.

పొద్దున్నే ఇద్దరం మా కొట్టు సోఫాలు, కుర్చీలతో వెళ్ళాం. మధుసూదన్ చెయ్యి చూపించాడు. "ముందు వరసలో సోఫాలు. అవి అమెరికా, యూరప్ వాళ్ళకి. వెనక ప్లాస్టిక్ కుర్చీల్లో చైనా, బ్రెజిల్, సౌతాఫ్రికా, మనవాళ్ళు."

"ఏందీ? మీటింగు ఎవల గురించి సారూ?" అంది అత్త.

"వీళ్ళ గురించే. కానీ వాళ్ళు పెద్ద దేశాలు కదమ్మా. వీళ్ళింకా ఎదుగుతున్నారు."

"ఎదిగెటోళ్ళను ఎనక కూసోబెడ్తె ముందట ఏమున్నదో ఎట్ల కనబడ్తది? సోఫాలల్ల కూసునెటోళ్ళేమన్న పెండ్లి పిలగాని తరపోళ్ళా, మర్యాద తక్కువైతె అలుగుతందుకు?"

నేను అత్త కొంగు పట్టి లాగాను. "అత్తా, జెర ఊకో. ఏడాది పని పోతది" అని చెవిలో అన్నాను.

"పోతె పోనీ! నా చెల్లె పెండ్లిల పిలగాని తరపోళ్ళు కూసుంటె మా నాయిన నిలబడ్డడు. ఆయన ఏసిన కుర్చీలల్ల ఆయనకే జాగ లేకపాయె. అప్పుడు నోరు మూసుకున్న. ఇప్పుడు మూసుకోను."

అని ఏం చేసిందనుకున్నారు? నేరుగా వెళ్ళి ముందు వరస సోఫాలో కూర్చుంది!

"లేవండమ్మా! అతిథులు వచ్చే వేళయింది" అని మధుసూదన్ గోల పెట్టాడు.

"లేస్త. అందరికి ఒక్కతీరు కుర్చీలు, గుండ్రంగ ఏద్దమంటె ఇప్పుడే లేస్త."

అతను చెమటలు తుడుచుకున్నాడు. బయట కార్ల చప్పుడు వినగానే "మీ ఇష్టం, కానివ్వండి" అని చేతులెత్తేశాడు. సోఫాలన్నీ బయటికి మోయించాం. అందరూ గుండ్రంగా కూర్చుని సాయంత్రం దాకా మాట్లాడుకున్నారు. సోఫాలు ఏవని ఒక్క తెల్లవాడూ అడగలేదు.

హాలు పని మాత్రం మరొకరికి పోయింది. ఆ కబురు విన్నరోజు అత్త వంటింట్లో కూర్చుని ఏడ్చింది. ఏడిస్తే తప్పు చేసినట్టా? నేనొప్పుకోను.

ఆ సోఫా ఇప్పటికీ కొట్టు గుమ్మం పక్కనే ఉంది. మొన్న ఒకాయన పెళ్ళికి కావాలని అడిగాడు. అత్త టీ తాగుతూ అందులోంచి లేవనైనా లేవలేదు.

"అది అద్దెకు లేదు సారూ. నాది."